నా వంతు నీళ్ళు

తొట్టిలో నీళ్ళు తగ్గాయా, లేక నా కళ్ళకే అలా అనిపిస్తోందా, ఇందాక మూడో వరస రాయి మునిగే ఉంది, ఇప్పుడు దాని నెత్తి తడిగా మెరుస్తోంది, లేదు లేదు, వెలుతురు వస్తోంది కదా, ఇంతసేపూ చీకట్లో కనిపించనిది ఇప్పుడు కనిపిస్తోంది, అంతే. తూర్పు కొండ వెనక ఆకాశం బూడిద రంగుకి తిరిగింది. ఇంకో గంట. గంట గడిస్తే ఎండ ఆ కొండ దాటి మా తోట పై మెట్టు మీద పడుతుంది, పువ్వుల మీద పేరుకున్న ఐసు దానంతటది కరిగి బొట్టుబొట్టుగా రాలుతుంది, అప్పటిదాకా నీళ్ళు ఆగకూడదు, అప్పటిదాకా నేను ఈ రాయి మీంచి లేవకూడదు. స్ప్రింక్లర్ల చప్పుడు మాత్రం సరిగానే ఉంది, టికటికటిక, గిర్రున ఒక చుట్టు, మళ్ళీ టికటిక, రాత్రి పదకొండు నుంచీ నూట పది ఆపిల్ చెట్ల మీద ఇదే చప్పుడు, చెవుల్లోంచి తలలోకి పోయి అక్కడే తిరుగుతోంది. ఒంటికి చుట్టుకున్న ఉన్ని పట్టూ అంచు తడిసి అట్టలా బిగుసుకుంది. కింది మెట్టు మీద మా కోడలు సర్లా తడిగడ్డి మంటలు ఎగదోస్తోంది, పొగ కనిపిస్తోంది, ఆమె దగ్గు వినిపిస్తోంది. కొడుకు తూలే రామ్ ఉంటే ఇంత బెంగ ఉండేది కాదు, వాడు టాక్సీలో చండీగఢ్ వెళ్ళాడు, ఎనిమిది రోజుల వానకి కొండచరియ విరిగి రోడ్డు మీద పడింది, వాడు అవతలే ఉండిపోయాడు. ఫోన్‌లో ఒకటే మాట, అమ్మా నీళ్ళు ఆపకు, ఏం జరిగినా నీళ్ళు ఆపకు. నాకు చెప్తున్నాడు, వాడు పుట్టకముందే ఈ చెట్లు నాటినదానికి.

ఐసు పోసి చలిని ఆపడమేంటయ్యా అని ఆ రోజు మా ఆయన నిమత్ తోటల ఆఫీసరు ముందే పడీపడీ నవ్వాడు, నాకు సిగ్గేసింది, చదువుకున్నవాడి ముందు అలా నవ్వొచ్చా. ఆఫీసరు మంచివాడు, కోప్పడలేదు, నీరు గడ్డకట్టేటప్పుడు తనలోని వేడిని వదులుతుంది బాబాయ్, ఆ కాస్త వేడే పువ్వుని కాపాడుతుంది, అయితే రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి, సగం సగం పోస్తే అసలు పోయకపోవడం కంటే చేటు, ఒకసారి మొదలుపెట్టి ఎండ రాకముందు ఆపితే ఇంకా చేటు, ఉన్న వేడిని కూడా ఐసే లాగేసుకుంటుంది, అన్నాడు. పక్కనే గోడ మీద కూర్చుని లగ్ను కూడా విన్నాడు. లగ్ను మా ఆయనకి చిన్నాన్న కొడుకు, నాకు మరిది, అతని తోట మా తోటకి సరిగ్గా కింద, మధ్యలో మోకాలెత్తు రాతిగోడ. ఇద్దరూ ఒకే ఏడు గొట్టాలు వేయించుకున్నారు. ఆ నవ్విన మనిషి పోయి ఆరేళ్ళయింది. ఆయన పోయాక చెట్లకి కూడా ఏదో పట్టుకుంది, ఒక ఏడు వడగళ్ళు, ఒక ఏడు చలికాలం చలే లేక మొగ్గే సరిగ్గా రాలేదు, పోయినేడు నిండు పూత మీద మంచు కురిసి కొమ్మలు విరిగాయి. శివరాత్రి అప్పుడు ఒక హోటలాయన వచ్చి కింది మెట్టుని టేపు పెట్టి కొలిచాడు, ఇక్కడ ఆరు గుడారాలు, అక్కడ చలిమంట, టూరిస్టులకి మంచుకొండ ఎదురుగా కనిపిస్తుంది అని చేతులు ఊపుతూ చెప్పాడు. నేను చెట్టుకి ఆనుకుని విన్నాను. ఆ సాయంత్రం తూలే రామ్ నా ఎదురుగా కూర్చుని, అమ్మా ఈ ఒక్క ఏడు చూస్తాను, కాయ నిలిస్తే చెట్లుంటాయి, నిలవకపోతే రంపం తెస్తాను, అప్పుడు నాకు అడ్డం పడకు, సరేనా అన్నాడు. సరే అన్నాను. వాడు గట్టిగా అడిగితే గట్టిగా కాదనేదాన్ని, మెల్లగా అడిగాడు, వాడి కళ్ళకింద నలుపు చూసి సరే అనేశాను. అందుకే ఈ గంట. ఈ గంట నిలబెట్టుకుంటే చెట్లు నిలబడతాయి, రంపం రాదు.

పూత ఎంత బాగా వచ్చిందని. ఇరవై ఏళ్ళలో ఇలాంటి పూత చూడలేదు, కొమ్మ కనపడకుండా తెలుపూ గులాబీ. పూత విచ్చిన రోజే వాన మొదలైంది. తేనెటీగల పెట్టెలు తెప్పించి పెట్టుకున్నాం, వానలో ఈగ బయటికి రాదు, పెట్టె మూత దగ్గర చెవి పెడితే లోపల రొద, బయట ఒక్కటీ లేదు. ఈగ వాలకపోతే కాయ ఎక్కణ్ణుంచి వస్తుంది. అలా ఎనిమిది రోజులు. ఊరంతా గుడి ముంగిట్లో చేరి దేవతని వాన ఆపమని అడుగుదాం అన్నారు. దేవత పూనే గూర్ తల విరబోసుకుని వణుకుతూ కూర్చున్నాడు, ఏం కావాలో ఒక్క నోటితో చెప్పండి అన్నాడు. ఎండ కావాలి, ఆకాశం తెరిపి కావాలి అని అందరికంటే ముందు అరిచింది నేనే. నా గొంతు పెద్దది, ఊళ్ళో అందరికీ తెలుసు. అప్పుడు లగ్ను లేచాడు, అన్నలూ వదినలూ, తొందరపడకండి, ఇంకా చైత్రం పోలేదు, పైన కొండల మీద కొత్త మంచు పడింది, మబ్బు మనకిప్పుడు దుప్పటి లాంటిది, దాన్ని లాగేస్తే రాత్రికి బిగుసుకుపోతాం, వాన తగ్గమని అడగండి గానీ మబ్బు పొమ్మని అడగకండి అన్నాడు. నిజం చెప్పాడు. ఆ మాట నిజమని నాకు అక్కడే తెలుసు, నలభై ఏళ్ళు ఈ లోయలో బతికినదాన్ని, తెరిపి రాత్రికీ తెల్లమంచుకీ ఉన్న చుట్టరికం నాకు తెలియదా. అయినా, లగ్నూ, నీ దుప్పటి సంగతి నీ మంచం మీద చూసుకో, ఇక్కడ ఈగలు చస్తున్నాయి అన్నాను. అందరూ నవ్వారు. నవ్విస్తే నాకు బాగుంటుంది, అదొక జబ్బు. గూర్ బియ్యపు గింజలు నా చేతిలో వేశాడు, లెక్కపెడితే బేసి వచ్చింది, అడిగింది దొరుకుతుంది అన్నాడు. దొరికింది. నిన్న మధ్యాహ్నానికి ఒక్క మబ్బు లేదు, ఈగలన్నీ చెట్ల మీదే, ఊళ్ళో పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా ఎండలో కూర్చుని నవ్వులే నవ్వులు. నాలుగింటికి గాలి ఆగింది. ఐదింటికి నా ముక్కుకి తెలిసిపోయింది, రాత్రికి బిగుస్తుందని.

మూడో రాయి మొత్తం బయటపడింది. ఇది వెలుతురు కాదు. తగ్గుతోంది. కాలువ నుంచి తొట్టిలోకి పడే ధార చూస్తే ఇందాక నా నడుమంత లావు, ఇప్పుడు చెయ్యంత ఉంది. వాగులో నీళ్ళకేం, ఆగవు కదా, మరి ఎందుకు తగ్గుతుంది. కింద స్ప్రింక్లర్లు ఇంకా తిరుగుతున్నాయి, తొట్టి ఉన్నంతసేపు తిరుగుతాయి, ధార లేకుండా తొట్టి అరగంట కంటే రాదు, ఎండకి ఇంకా ముప్పావు గంట పైనే ఉంది. లగ్ను. ఇంకెవరు. నిన్న సాయంత్రం గోడ దాటి వచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని. మాకు కాలువ ఒక రాత్రి అతనిది, ఒక రాత్రి నాది, తాతల నాటి నుంచీ అంతే, నిన్న రాత్రి నాది అవడం నా అదృష్టం, నేను చేసింది ఏమీ లేదు.

"వదినా, ఇవాళ గట్టిగా బిగుస్తుంది. వంతు నీదే, కాదనను. సగం వదులు. పైన రెండు వరసలైనా దక్కించుకుంటా."

"సగం సగం పోస్తే రెండు తోటలూ పోతాయి లగ్నూ. ఆఫీసరు చెప్పింది నువ్వూ విన్నావుగా."

"విన్నాను. విన్నా గానీ, చేతులు ముడుచుకుని ఎట్లా కూర్చోను చెప్పు."

"మబ్బు దుప్పటి అన్నావుగా మొన్న? పో, పోయి ఆ దుప్పటే కప్పు నీ చెట్లకి."

నీ నోటికో దణ్ణం వదినా అని నవ్వి, టోపీ పెట్టుకుని గోడ దాటి వెళ్ళిపోయాడు. ఏం తప్పన్నాను. నీళ్ళు ఇవ్వకపోవడం తప్పు కాదు, నూటికి నూరుపాళ్ళు కాదు, ఇచ్చి ఉంటే ఈపాటికి ఇద్దరం తలలు పట్టుకునేవాళ్ళం. ఆ దుప్పటి మాట అనకుండా ఉండాల్సింది, అంతే, మరీ పెద్ద మాటేం కాదు, మరిదిని వదిన ఆ మాత్రం అనకూడదా. రాత్రంతా అతని తోటలో మంటలు చూస్తూనే ఉన్నాను, ఒక్కడే అటూ ఇటూ పరుగులు, గడ్డి మోసి, పైన్ ఆకు మోసి, పాత టైరు ఒకటి కూడా వేశాడు, నల్లటి పొగ. నాలుగింటికి టార్చి ఒక కొమ్మ దగ్గర చాలాసేపు ఆగింది. నాకు తెలుసు ఏం చేస్తున్నాడో, పువ్వుని గోటితో చీల్చి చూస్తున్నాడు, లోపల పచ్చగా ఉంటే బతికినట్టు, నల్లగా ఉంటే పోయినట్టు. తర్వాత టార్చి ఆరిపోయింది. మంటలు మళ్ళీ ఎవరూ ఎగదోయలేదు. పోయాయి, అతని చెట్లు పోయాయి అనుకున్నాను, లగ్ను చెట్లు కూడా నేను అంటు కట్టినవే కొన్ని. అతని ఇంటి తలుపు చప్పుడు వింటాననుకున్నాను, వినలేదు. మరి నాలుగింటి నుంచీ ఎక్కడున్నాడు మనిషి. పోగొట్టుకోవడానికి ఏమీ మిగలనివాడు ఏమైనా చేస్తాడు. పైన కాలువ తల దగ్గర రెండు రాళ్ళు అడ్డం పెడితే చాలు, ఎవరికీ తెలియదు, చలికి ఆగిపోయింది పాపం అంటారు.

లేచాను. మోకాళ్ళు విరిగాయనుకున్నాను, విరగలేదు. సర్లాని పిలుద్దామా, వద్దు, మంటలు ఆరతాయి. కాలువ పక్కనే ఎక్కాలి, కాలిబాట మీద గడ్డి తెల్లగా నిలబడి కాలి కింద పటపటమంటోంది. ధార ఎండుతోంది, కాలువలో నీళ్ళు చీలమండకి కూడా లేవు. ఎక్కే కొద్దీ కోపం పెరుగుతోంది, మంచిదే, కోపంలో చలి తెలియదు. ఇతరుల వంతు కొట్టేసినవాడికి మా దేవత కొలువులో క్షమ లేదు, వాడి చేతి నీళ్ళు ఎవరూ తాగరు, వాడి ఇంట్లో చావు జరిగితే భుజం ఇవ్వరు. నిలబెడతాను, గుడి ముంగిట్లో నిలబెడతాను నిన్ను, మరిదివైతే ఏంటి. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఇతను పదేళ్ళవాడు, వదినా వదినా అని నా వెనకే తిరిగేవాడు, సిడ్డూ రొట్టెలు వేడివేడిగా ఆవిరి మీంచి తీస్తే నెయ్యిలో ముంచి నాలుక కాల్చుకునేవాడు, ఇవన్నీ ఎందుకు గుర్తొస్తున్నాయి ఇప్పుడు, పో, పొండి అవతలికి. ఊపిరి అందడం లేదు. మలుపు తిరిగాను. చప్పుడు వినిపించింది. పార చప్పుడు. రాయి మీద పార గీసుకుంటున్న చప్పుడు, ఖర్ర్, ఖర్ర్, ఆగకుండా. దొరికావు, నా తండ్రీ, దొరికావు.

మోకాళ్ళ లోతు వాగులో నిలబడి ఉన్నాడు, వీపు నా వైపు. పార నా కాలువ నోట్లో ఉంది. బూడిద వెలుతురులో నేను చూసింది అంతే.

"ఒరేయ్ లగ్నూ! దొంగ నాయాలా! నీ చెట్లు చచ్చాయని నావి కూడా చంపుతావురా?"

ఉలిక్కిపడి తిరిగాడు. మీసాల మీద ఐసు.

"వదినా, ఇంత చలిలో నువ్వెందుకొచ్చావు పైకి? కట్టట్లేదొదినా, ఈ జాలీకి..."

చెప్పనిచ్చానా. నా నోరు అప్పటికే దాని దారి అది చూసుకుంది.

"నోర్ముయ్! షాడీ కొనఊపిరితో ఉంటే లుగ్డీ తాగుతూ కొట్లో కూర్చున్నవాడివి, నీకు ఇంకొకళ్ళ బతుకంటే లెక్కేంటి! పెళ్ళాన్నే చంపుకున్నవాడికి చెట్లొక లెక్కా!"

ఆ మాట ఊరిది. నాలుగు చలికాలాల కిందట నిమోనియాతో అతని పెళ్ళాం షాడీ పోయినప్పటి నుంచీ టీ కొట్టు దగ్గర ఎవడో ఒకడు అంటూనే ఉంటాడు, మొగుడు సకాలంలో మనుషుల్ని తెచ్చి ఉంటే రోడ్డు దాకా మోసేవాళ్ళం, తాగి కూర్చున్నాడట అని. ఆ రాత్రి ఎవడూ పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. లగ్ను ఒక్కడే నడుములోతు మంచులో తెల్లారేదాకా దారి తవ్వాడు. లాంతరు పట్టుకున్నది నేను. ఒక్క చుక్క తాగలేదు ఆ మనిషి, మంచినీళ్ళు కూడా తాగలేదు. ఊళ్ళో ఆ మాట వచ్చినప్పుడల్లా, కాదురా పాపిష్టి నాయాళ్ళారా, నేను చూశాను అని ఎదురు తిరిగేది నేనొక్కదాన్నే. నేనున్నానన్న ధైర్యంతోనే అతను ఆ టీ కొట్టు ముందునుంచి తలెత్తుకుని నడిచేవాడు. ఇప్పుడు ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. వచ్చాక కూడా కాసేపు నాకు అది బాగా తగిలినట్టే అనిపించింది, ఆ సంగతి కూడా దాచను.

లగ్ను నా మొహం వంక చూశాడు, నేనేనా అన్నట్టు. పారని నీళ్ళలోంచి లాగాడు. వాగులోంచి బయటికి వచ్చాడు, పైజామా నుంచి నీళ్ళు కారుతూ, ఒక కాలు కొయ్యలా ఈడుస్తూ. నా పక్కనుంచి వెళ్తూ, "సరే వదినా" అన్నాడు. అంతే. పార కాడ పట్టుకున్న వేళ్ళు వాచి ఎర్రగా ఉన్నాయి, గోళ్ళ దగ్గర నెత్తురు గడ్డకట్టి ఉంది. అతను మలుపు దాకా వెళ్ళాక నేను కాలువ నోటి వంక చూశాను. దాని పక్కన ఒడ్డు మీద నా నడుమెత్తు ఐసు గుట్ట. కొంత పాతది, బిగిసిపోయింది, పైన కొంత ఇప్పుడే వేసింది, నీళ్ళోడుతోంది. నాలుగింటి నుంచి. వాగు నీళ్ళే చిక్కబడి మెత్తటి ఐసై వచ్చి కాలువ నోటికున్న ఇనప జాలీకి పట్టుకుంటోంది, చద్దన్నంలా ముద్దలు ముద్దలుగా, అతను తీస్తూ నిలబడ్డాడు. తెల్లారుజామున చలి ఇంకా బిగిసేసరికి ఒక్క పార చాలలేదు, అందుకే ధార తగ్గింది. తన చెట్లు పోయాయని తెలిశాక ఇక్కడికి వచ్చాడు.

వాగులో దిగాను. చేతులతో లాగాను, ఒక జానెడు తీస్తే పక్కన జానెడు పట్టుకుంటోంది. జాలీని పీకుదామంటే తూలే రామ్ సిమెంటుతో బిగించాడు, ఆకులు పోయి గొట్టాలు పూడకూడదని. పార లేదు. పార ఉన్నా నా వల్ల అయ్యేది కాదు, అరవై రెండేళ్ళు నాకు, వేళ్ళు మొదట మండాయి, తర్వాత ఎవరివో అయిపోయాయి. పిలవాలి. మలుపు అవతల బాట మీద అతని తల ఇంకా కనిపిస్తోంది, ఎత్తు మనిషి. పిలిస్తే వస్తాడు, ఇప్పటికీ వస్తాడు, ఆ రకం మనిషి అతను, లగ్నూ తప్పయిపోయిందిరా అంటే చాలు, ఆ మాట కూడా అక్కర్లేదు, ఒట్టి పేరు చాలు. ఊరంతా వినపడే గొంతు నాది. నోరు తెరిచాను. ఏం మొహం పెట్టుకుని పిలవను. ఇంకొక ముద్ద తీశాను, ఇంకొకటి, జాలీ తెల్లగా మూసుకుపోయింది, నీళ్ళు దాని మీంచి పక్కకి పొర్లి వాగులోకి పోతున్నాయి. తల ఎత్తి చూస్తే బాట మీద ఎవరూ లేరు.

తర్వాత ఎంతసేపో తెలియదు. కింద చప్పుడు ఆగిపోయింది. టికటిక లేదు. లోయలో ఇంత నిశ్శబ్దం ఉంటుందని మర్చిపోయాను. ఎదుటి కొండ నెత్తిన ఎండ పడింది, పసుపుపచ్చగా, మా పై మెట్టుకి రావడానికి ఇంకా పావుగంట ఉంది. పావుగంట. పువ్వుల చుట్టూ ఐసు తళతళలాడుతుంది, చూడ్డానికి ఎంతో బాగుంటుంది, ఇప్పుడు అది లోపలి వేడిని పీలుస్తోంది, ఒక్కో పువ్వునీ. అసలు నీళ్ళే పెట్టకుండా వదిలేసినా ఇంతకంటే మేలు. నిమత్ కట్టిన అంట్లు, నేను సున్నం కొట్టిన మొదళ్ళు, అన్నిటినీ నేనే చేతులారా, చేతులతో కూడా కాదు, నోటితో. ఒడ్డున కూర్చున్నాను. ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది.

"అత్తా! అత్తా!" సర్లా, బాటలో కింది మలుపు దగ్గరే ఆగిపోయి, ఆయాసంతో, మొహమంతా మసి. "నీళ్ళు ఆగిపోయాయత్తా! లగ్ను చిన్నమామ పార భుజానేసుకుని పైనుంచి దిగాడు, పలకరిస్తే మాట్లాడలేదు, తల కూడా ఎత్తలేదు. ఆయనే కట్టేశాడా నీళ్ళు?"

అక్కడ నుంచి ఆమెకి ఐసు గుట్ట కనపడదు. నేనే కనపడతాను.

"చెప్పత్తా, ఆయనేనా?"

కాదు. రెండే అక్షరాలు. నాలుగేళ్ళుగా టీ కొట్టు ముందు ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు, నిద్రలో లేపినా అనగలను. అంటే మరి ఎందుకు వెళ్ళిపోయాడు అని అడుగుతుంది. ఏమన్నావని అడుగుతుంది. రేపు తూలే రామ్ అడుగుతాడు, చేతిలో రంపంతో. గడ్డకట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని నేను సర్లా వంక చూశాను, సర్లా నా వంక చూసింది, నేను తల దించుకున్నాను.

"అయ్యో దేవతా, ఎంత పని చేశాడు!" అంది సర్లా. అని వెనక్కి తిరిగి ఊరివైపు పరుగెత్తింది, పరుగెత్తుతూనే అరుస్తోంది, ఇళ్ళ తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. నేను లేచి పిలిచి ఉంటే ఆగేది. కూర్చునే ఉన్నాను, లగ్ను పేరు ఇక్కడి దాకా వినిపిస్తోంది.